బొమ్మకు మెత్తని నీడ: ఫైల్లో వేయాలా, పేజీలో వేయాలా?

ఒకసారి నలభై ప్రొడక్ట్ ఫొటోలకు ఓపిగ్గా కూర్చుని నీడలు వేశాను. తెల్లటి పేజీ మీద చక్కగా కుదిరాయి. ఫైలు సైజు తగ్గుతుంది కదా అని అన్నిటినీ జేపెగ్‌లో సేవ్ చేసి పంపేశాను. రెండు వారాలు తిరక్కుండానే సైటువాళ్లు పేజీ రంగును తెలుపు నుంచి లేత మీగడ రంగుకు మార్చారు. ఇంకేముంది, ప్రతి ఫొటో చుట్టూ తెల్లటి డబ్బా, ఆ డబ్బాలో నీడ, నీడ మీద వస్తువు. లేయర్లతో సహా అసలు ఫైళ్లు దాచుకున్నది పదకొండింటికే. మిగతా ఇరవై తొమ్మిదీ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

అప్పటి నుంచి నీడ పని వస్తే ఏ టూల్ వాడాలన్నది తర్వాత చూస్తాను. ముందు ఆ నీడ ఎవరిదో తేల్చుకుంటాను: బొమ్మదా, పేజీదా? నీడ పడేది కింద ఉన్నదాని మీద. వెబ్‌లో ఆ కింద ఉన్నది పేజీ బ్యాక్‌గ్రౌండ్. అది ఎప్పుడైనా మారొచ్చు: రంగు మారొచ్చు, డార్క్ మోడ్ రావచ్చు, వెనక ఇంకో ఫొటో రావచ్చు. అలాంటప్పుడు నీడను బొమ్మలో కలిపేసి అతికించడం ఎంతవరకు మంచిదన్నదే అసలు లెక్క.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

బొమ్మ ఆకారం. నాలుగు మూలల ఫొటోనా, లేక వెనక భాగం కత్తిరించేసిన వస్తువా? మూలలు గుండ్రంగా ఉన్నా అది డబ్బా కిందే లెక్క. చెప్పు, కుర్చీ, లోగో లాంటి కటౌట్ అయితే కథ వేరు.

కింద రంగు మారుతుందా? "మారదు" అని ఎవరైనా గట్టిగా చెప్తే నమ్మకండి. పైన చెప్పిన నలభై ఫొటోల విషయంలోనూ నాకు అలాగే చెప్పారు.

పేజీ కోడ్ మీ చేతిలో ఉందా? సీఎస్ఎస్ (పేజీ రంగులు, అమరిక నిర్ణయించే కోడ్) రాసే వీలుంటే సగం పని అయిపోయినట్టే. బొమ్మ అప్‌లోడ్ చేయడం తప్ప ఇంకేమీ ముట్టుకోనివ్వని చోట ఆ దారులన్నీ మూసుకుపోతాయి.

నీడ కదలాలా? మౌస్ పెట్టగానే కార్డు పైకి లేచినట్టు కనిపించాలంటే నీడ పేజీలో ఉండాల్సిందే.

ఎన్ని బొమ్మలు? ఒకటో రెండో అయితే ఎలా చేసినా ఒకటే. వందల్లో ఉంటే, ఒక్క చోట అంకె మారిస్తే అన్నీ మారే దారి కావాలి.

| పద్ధతి | ఏ ఆకారానికి | కింద రంగు మారితే | తర్వాత మార్చడం | ఎక్కడ ఇబ్బంది పెడుతుంది |
|---|---|---|---|---|
| ఎడిటర్‌లో నీడ, జేపెగ్ | ఏదైనా | పాడవుతుంది | మళ్లీ చేయాలి | రంగు మారిన రోజున |
| ఎడిటర్‌లో నీడ, పీఎన్‌జీ లేదా వెబ్‌పీ | ఏదైనా | తట్టుకుంటుంది | మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి | అలైన్‌మెంట్, ఫైలు సైజు |
| బాక్స్-షాడో | డబ్బాలు, గుండ్రని మూలలు | సమస్య లేదు | ఒక లైను | కటౌట్ బొమ్మలకు |
| డ్రాప్-షాడో ఫిల్టర్ | కటౌట్‌లు | సమస్య లేదు | ఒక లైను | బరువు, పిల్ల ఎలిమెంట్లు |
| ఎస్‌వీజీ ఫిల్టర్ | కటౌట్‌లు, ఐకాన్లు | సమస్య లేదు | కాస్త కోడ్ | అంచులు తెగడం |
| బ్లర్ చేసిన సూడో ఎలిమెంట్ | డబ్బాలు, రంగు నీడలు | సమస్య లేదు | కొన్ని లైన్లు | లేయర్ల వరుస |

## బాక్స్-షాడో: ఎక్కువమందికి ఇది చాలు

బొమ్మ డబ్బా ఆకారంలో ఉండి, కోడ్ మీ చేతిలో ఉంటే ఇక్కడే ఆగిపోవచ్చు. బాక్స్-షాడో అంటే పేజీలోని ఒక భాగానికి (ఎలిమెంట్) దాని డబ్బా ఆకారంలో నీడ వేసే సీఎస్ఎస్ లైను. దానికి అడ్డం జరుపు, నిలువు జరుపు, బ్లర్ (మసక), స్ప్రెడ్ (నీడ సైజును పెంచేది, తగ్గించేది), రంగు అనే ఐదు విలువలు ఇస్తారు. మూలలు గుండ్రంగా ఉంటే నీడ కూడా వాటి వెంటే తిరుగుతుంది. పేజీ అమరికలో ఇది చోటు ఆక్రమించదు, అంటే నీడ ఎంత పెంచినా పక్కనున్న రాత జరగదు.

చాలామంది దీన్ని తిట్టుకునేది వేసిన మొదటి నీడ ముతకగా, మురికిగా కనిపించడం వల్ల. అడ్డం 5, నిలువు 5, బ్లర్ 5, నలుపు 50 శాతం అని వేస్తే అలాగే ఉంటుంది మరి. నేను వాడేది రెండు పొరల నీడ. మొదటిది బొమ్మకు ఆనుకుని: అడ్డం 0, కిందికి 1, బ్లర్ 3 పిక్సెల్స్, నలుపు 12 శాతం. రెండోది దూరంగా పరుచుకునేది: అడ్డం 0, కిందికి 12, బ్లర్ 32, నలుపు 14 శాతం. రెంటినీ కామాతో కలిపి ఒకే లైన్లో రాయొచ్చు. బల్ల మీద పెట్టిన పుస్తకాన్ని చూడండి. అంచు దగ్గర సన్నగా, నల్లగా ఒక గీత ఉంటుంది, దూరం వెళ్లే కొద్దీ నీడ పలుచబడుతుంది. ఒక్క పొరతో ఆ రెండూ రావు.

నీడ పక్కలకు కారినట్టు కనిపిస్తే స్ప్రెడ్‌ను మైనస్‌లో పెట్టండి. కిందికి 20, బ్లర్ 30, స్ప్రెడ్ మైనస్ 12 అని వేస్తే పక్కల దాదాపు మాయమై కింద మాత్రమే మిగులుతుంది. ఇంత మంచి కిటుకును ఎవరూ వాడకపోవడం నాకు ఆశ్చర్యమే.

ఇది దెబ్బతినే చోట్లు మూడు. పేరెంట్ ఎలిమెంట్‌కు, అంటే బొమ్మను చుట్టి ఉన్న భాగానికి, ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి పొంగేదాన్ని దాచేయడం) ఉంటే నీడ కత్తిరించినట్టు తెగిపోతుంది. బొమ్మకు క్లిప్-పాత్ (బొమ్మను ఒక ఆకారంలో కత్తిరించే సీఎస్ఎస్) వేసి ఉంటే నీడ కూడా దాంతోపాటే తెగుతుంది. ఇక బొమ్మ ట్రాన్స్‌పరెంట్ అయితే నీడ వస్తువుకు పడదు, దాని చుట్టూ ఉన్న కనిపించని డబ్బాకు పడుతుంది. గాల్లో చెప్పు, దాని చుట్టూ చతురస్రపు నీడ! ఒక్కసారి చూస్తే మళ్లీ ఆ తప్పు చేయరు.

## డ్రాప్-షాడో ఫిల్టర్: కటౌట్ బొమ్మలకు

సీఎస్ఎస్‌లోనే ఉండే ఈ ఫిల్టర్ బొమ్మలో ఎక్కడ పిక్సెల్ ఉందో, ఎక్కడ ఖాళీ ఉందో చూసి ఆ ఆకారానికే నీడ వేస్తుంది. కుర్చీ కాళ్ల సందుల్లోంచి కూడా నీడ సరిగ్గా పడుతుంది. క్లిప్-పాత్ వేసిన బొమ్మకు నీడ కావాలన్నా ఇదే దిక్కు: బొమ్మను ఇంకో ఎలిమెంట్‌లో చుట్టి, ఆ చుట్టినదానికి ఫిల్టర్ పెట్టాలి.

బాక్స్-షాడో అంకెలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే కుదరదు. అక్కడ బ్లర్ అని ఇచ్చే అంకెలో సగమే అసలు గాసియన్ బ్లర్ స్టాండర్డ్ డీవియేషన్ (మసక ఎంత పరుచుకుంటుందో చెప్పే కొలత). ఇక్కడ ఇచ్చే అంకెనే నేరుగా స్టాండర్డ్ డీవియేషన్‌గా తీసుకుంటారు. అందుకే బాక్స్-షాడోలో బ్లర్ 24 ఇస్తే వచ్చే మెత్తదనానికి ఇక్కడ 12తో మొదలుపెట్టండి. అదే అంకె ఎత్తిరాసి "ఇదేంటి ఇంత మసకగా ఉంది" అని తల పట్టుకునేవాళ్లను చూశాను.

దీనికి స్ప్రెడ్ లేదు, ఇన్‌సెట్ (లోపలి వైపు పడే నీడ) కూడా లేదు. రెండు పొరల నీడ వేయొచ్చు గానీ అవి ఒకదాని మీద ఒకటి గొలుసులా పనిచేస్తాయి. రెండో ఫిల్టర్ బొమ్మకు మాత్రమే కాక మొదటి నీడకు కూడా నీడ వేస్తుంది. మొదటి పొర చిన్నదిగా ఉంటే ఆ తేడా కంటికి ఆనదు, పెద్దది అయితే నీడ అనుకున్నదానికంటే చిక్కబడుతుంది.

ఇంకో మెలిక ఉంది. ఫిల్టర్ పెట్టిన ఎలిమెంట్‌లో ఉన్నవన్నీ ఫిల్టర్ కిందికే వస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ రంగు లేని కార్డుకు పెడితే లోపలి అక్షరాలకు కూడా నీడ పడుతుంది. అందులో స్క్రీన్‌కు అతుక్కుని ఉండాల్సిన ఫిక్స్‌డ్ బటన్ ఏదైనా ఉంటే, అది ఇక స్క్రీన్‌ను వదిలేసి ఆ కార్డుకు అతుక్కుంటుంది. దీని మూలంగా ఒక పూట పోగొట్టుకున్నాను. బటన్ కోడ్ మొత్తం తిరగేశాను గానీ, తప్పు నీడలో ఉందని అనుమానం రాలేదు. అందుకే ఫిల్టర్‌ను కార్డుకు పెట్టకండి, నేరుగా బొమ్మకే పెట్టండి.

బరువు సంగతికొస్తే, ఒక పేజీలో పదీ ఇరవై బొమ్మలకు పెడితే భయం లేదు. పెద్ద బొమ్మలు, పెద్ద బ్లర్, పైగా యానిమేషన్ అంటే పాత ఫోన్లలో స్క్రోల్ తడబడుతుంది.

## ఎడిటర్‌లోనే నీడ వేయడం

ఫొటోషాప్, గింప్ లాంటి వాటిలో నీడ వేసి బొమ్మతో కలిపి సేవ్ చేయడం పాతకాలపు దారి. పాతదైనంత మాత్రాన పనికిరానిది కాదు. సీఎస్ఎస్ నీడలన్నీ బొమ్మ ఆకారాన్ని కాస్త జరిపి మసకబార్చినవే. నేల మీద నిలబెట్టిన సీసాకు పాదం దగ్గర చిక్కగా మొదలై పక్కకు వాలుతూ సాగే నీడ కావాలంటే మాత్రం చేత్తో గీయాల్సిందే. పేజీ కోడ్ ముట్టుకోలేని చోట్ల కూడా ఇదే దారి. ఈమెయిల్‌లో పంపే డిజైన్లదీ అదే పరిస్థితి, విండోస్ ఔట్‌లుక్ పాత వెర్షన్లకు బాక్స్-షాడో అర్థం కాదు.

ఫార్మాట్ విషయంలో మొహమాటం వద్దు. జేపెగ్‌లో ట్రాన్స్‌పరెన్సీ లేదు. జిఫ్‌లో ఉంది గానీ ఒక పిక్సెల్ పూర్తిగా ఉండాలి లేదా పూర్తిగా పోవాలి, మధ్యస్థం లేదు. మెత్తని నీడ అంటేనే మధ్యస్థం కదా. పీఎన్‌జీలో ప్రతి పిక్సెల్‌కూ 256 మెట్ల పారదర్శకత ఉంటుంది. వెబ్‌పీ, ఏవీఐఎఫ్ కూడా పారదర్శకతను ఉంచుకుంటాయి, పైగా ఫొటోల విషయంలో పీఎన్‌జీ కంటే చాలా తేలిక. ఫొటోకు నీడ కలిపి సేవ్ చేయాలంటే నా ఓటు వెబ్‌పీకే.

ఇక కాన్వాస్ (ఫైలు మొత్తం కొలత) లెక్క. బొమ్మ 600×400 పిక్సెల్స్ అనుకుందాం. పేజీలో చూస్తే కిందికి 8, బ్లర్ 24 ఉన్నంత నీడ కావాలి. బ్లర్ అంచు బయటికి 24 పిక్సెల్స్ పాకుతుంది. అంటే ఎడమా కుడీ చెరో 24, పైన 16, కింద 32 ఖాళీ ఉండాలి. కాన్వాస్ 648×448 అవుతుంది. హై రిజల్యూషన్ స్క్రీన్ల కోసం రెట్టింపు సైజులో చేస్తే 1296×896, అప్పుడు నీడ అంకెలు కూడా రెట్టింపు చేయాలి. కాన్వాస్ పెంచడం మరిచిపోతే నీడ చివర కత్తితో కోసినట్టు నిటారు గీత కనిపిస్తుంది. 

ఈ లెక్క సరిగ్గా వేసినా ఒక తలనొప్పి మిగులుతుంది. ఇప్పుడు ఫైలు అంచు వేరు, బొమ్మ అంచు వేరు. కింది పేరాతో ఎడమ అంచు కలపబోతే బొమ్మ 24 పిక్సెల్స్ లోపలికి జరిగి కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి మైనస్ మార్జిన్ పెట్టాలి. కోడ్ ముట్టుకోలేకనే కదా ఈ దారికి వచ్చాం!

ఫొటోషాప్ నీడ అంకెలను సీఎస్ఎస్‌లోకి మార్చుకోవాలంటే యాంగిల్ అంటే వెలుగు వచ్చే దిక్కు అని గుర్తుంచుకోండి. 90 డిగ్రీలు అంటే వెలుగు నెత్తి మీద ఉన్నట్టు, నీడ నేరుగా కిందికి పడుతుంది. 120 డిగ్రీలు, దూరం 10 అంటే కుడికి 5, కిందికి దాదాపు 8.7. బ్లర్ సైజు మాత్రం లెక్కతో కంటే రెంటినీ పక్కపక్కన పెట్టి కళ్లతో కలుపుకోవడమే మేలు.

## ఎస్‌వీజీ ఫిల్టర్, సూడో ఎలిమెంట్

బొమ్మ ఇప్పటికే ఎస్‌వీజీలో (పిక్సెల్స్‌తో కాక గీతలు, ఆకారాల లెక్కతో దాచే ఫార్మాట్) ఉంటే నీడ కూడా అక్కడే వేయడం సబబు. ఒకే జాగ్రత్త: ఫిల్టర్ పనిచేసే ప్రాంతం మామూలుగా బొమ్మకు నాలుగు వైపులా 10 శాతమే ఎక్కువ ఉంటుంది. 40 పిక్సెల్స్ ఐకాన్‌కు అది 4 పిక్సెల్స్. నీడ అంతకు మించితే తెగిపోతుంది, కాబట్టి ఆ ప్రాంతాన్ని చేత్తో పెంచాలి. మామూలు ఫొటోల కోసమైతే ఇంత శ్రమ అనవసరం.

సూడో ఎలిమెంట్ అంటే సీఎస్ఎస్‌తో ఒక ఎలిమెంట్‌కు తగిలించే అదనపు పొర. ఈ పద్ధతి సరదాగా ఉంటుంది. బొమ్మ వెనక అదే బొమ్మను ఇంకోసారి పెట్టి, కాస్త కిందికి జరిపి బ్లర్ చేస్తారు. నీడ నల్లగా కాకుండా బొమ్మ రంగుల్లోనే మెరుస్తుంది. వెనక పొరకు జెడ్-ఇండెక్స్ (ఏ పొర పైన, ఏది కింద అని చెప్పే అంకె) మైనస్ 1 పెట్టగానే అది పేజీ బ్యాక్‌గ్రౌండ్ వెనక్కి దూరి మాయమైపోతుందని చాలామంది గొడవ. పేరెంట్‌కు ఐసొలేషన్ ఐసొలేట్ అని పెడితే తిరిగి వస్తుంది. ఆల్బమ్ కవర్లు, పోస్టర్ల లాంటి వాటికి అందంగా ఉంటుంది. అన్ని చోట్లా పెడితే మొహం మొత్తుతుంది.

## బొమ్మే బ్యాక్‌గ్రౌండ్ అయినప్పుడు

సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టిన బొమ్మకు విడిగా నీడ వేసే వీలు లేదు. బాక్స్-షాడో అయినా ఫిల్టర్ అయినా ఆ ఎలిమెంట్ మొత్తానికీ వర్తిస్తాయి. బొమ్మను కంటెయిన్ పద్ధతిలో (ఎక్కడా తెగకుండా మొత్తం పట్టేలా) ఇమిడిస్తే ఎలిమెంట్‌లో కొంత ఖాళీ మిగులుతుంది. బాక్స్-షాడో ఆ ఖాళీ చుట్టూ కూడా తిరిగి, బొమ్మకు సంబంధం లేనట్టు దూరంగా నిలబడుతుంది. అలాంటప్పుడు బొమ్మను సూడో ఎలిమెంట్‌లోకి మార్చి, ఫిల్టర్ దానికే ఇవ్వండి. రాత దాని మీద హాయిగా ఉంటుంది.

పేజీ వెడల్పంతా పరుచుకున్న పెద్ద బ్యాక్‌గ్రౌండ్ పట్టీకి కింద నీడ వేస్తే కనిపించడం లేదని చాలామంది అంటారు. నీడ పడుతోంది, కాకపోతే తర్వాతి సెక్షన్ తన బ్యాక్‌గ్రౌండ్ రంగుతో దాన్ని కప్పేస్తోంది. పట్టీకి పొజిషన్ రిలేటివ్, జెడ్-ఇండెక్స్ 1 ఇస్తే నీడ పైకి వస్తుంది.

బ్యాక్‌గ్రౌండ్ అంచులు లోపలి వైపుకు నల్లబడాలంటే ఇన్‌సెట్ నీడ వాడొచ్చు. ఇది ఎలిమెంట్ బ్యాక్‌గ్రౌండ్ పైన, లోపలి కంటెంట్ కింద పడుతుంది. కాబట్టి సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్ బొమ్మల మీద పనిచేస్తుంది. అదే మామూలు ఇమేజ్ ట్యాగ్‌కు ఇస్తే బొమ్మే కంటెంట్ కాబట్టి నీడ దాని కిందికి పోతుంది, ఏమీ కనిపించదు.

## మెత్తదనానికి ఒక హద్దు

బ్లర్ ఎంత పెంచితే అంత మెత్తన అనుకోవడం సహజం. లెక్క చూడండి. తెల్లటి పేజీ మీద 10 శాతం నలుపు, బ్లర్ 80, జరుపు లేదు. బొమ్మ అంచు దగ్గర నీడ బలం సగమే, అంటే 5 శాతం. 255 మెట్లలో అది సుమారు 13. ఆ 13 మెట్లు 80 పిక్సెల్స్ మేర పరుచుకోవాలి, ఒక్కో మెట్టు సగటున ఆరేడు పిక్సెల్స్ వెడల్పు వస్తుంది. మంచి మానిటర్ మీద అవి వలయాల్లా కనిపిస్తాయి. ఎడిటర్‌లో చేస్తే కాస్త నాయిస్ కలిపి దాన్ని దాచొచ్చు, అప్పుడు పీఎన్‌జీ సైజు పెరుగుతుంది. సీఎస్ఎస్‌లో అయితే బ్లర్ తగ్గించడమే సులువు.

రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద అచ్చ నలుపు నీడ బూడిద చల్లినట్టు ఉంటుంది. నీలం పేజీ మీద ముదురు నీలం, మీగడ రంగు మీద ముదురు గోధుమ తీసుకుంటే నీడ పేజీలో కలిసిపోతుంది. డార్క్ మోడ్‌లో అసలు ఏ నీడా సరిగ్గా కనిపించదు. అక్కడ నీడను బలంగా పెంచేకంటే కార్డు రంగును పేజీ కంటే కాస్త లేతగా ఉంచడం నయం. హై కాంట్రాస్ట్ మోడ్ వాడేవాళ్లకు బ్రౌజరే బాక్స్-షాడోను తీసేస్తుంది, కాబట్టి రెండు భాగాలను వేరు చేసేది నీడ ఒక్కటే అయితే వాళ్లకు ఆ తేడా తెలియదు. కనిపించని ట్రాన్స్‌పరెంట్ బార్డర్ ఒకటి ఉంచితే ఆ మోడ్‌లో అది గీతగా బయటపడుతుంది.

## మీరు ఎవరైతే ఏది

బ్లాగు రాసుకుంటూ ఫొటోలు పెట్టేవాళ్లకు బాక్స్-షాడో చాలు. ఒక్కసారి అంకెలు కుదుర్చుకుని అన్ని ఫొటోలకూ అదే క్లాస్ వాడండి.

వస్తువులు అమ్మే సైటు అయితే కటౌట్ బొమ్మలను నీడ లేకుండా వెబ్‌పీలో దాచి, నీడ మాత్రం డ్రాప్-షాడో ఫిల్టర్‌తో వేయండి. హోమ్ పేజీలో పైన నిలబెట్టే ఆ ఒక్క పెద్ద బొమ్మకు మాత్రం చేత్తో గీసిన నేల నీడ పెట్టండి. అక్కడ ఆ శ్రమ కనిపిస్తుంది.

రెడీమేడ్ టెంప్లేట్లలో పనిచేస్తూ కోడ్ ముట్టుకోలేనివాళ్లు ఎడిటర్‌లోనే వేయక తప్పదు. జేపెగ్ వద్దు. బొమ్మ, నీడ వేర్వేరు లేయర్లుగా ఉన్న అసలు ఫైలును భద్రంగా దాచండి, పదకొండుకే కాదు, అన్నిటికీ.

మౌస్ పెడితే లేచే కార్డులు చేస్తున్నవాళ్లు బాక్స్-షాడోనే నేరుగా యానిమేట్ చేస్తే బ్రౌజర్ ప్రతి ఫ్రేమ్‌లోనూ నీడను మళ్లీ గీస్తుంది. పెద్ద నీడను సూడో ఎలిమెంట్‌కు ఇచ్చి ఒపాసిటీ (ఎంత కనిపించాలన్న అంకె) సున్నా చేసి ఉంచండి. మౌస్ రాగానే ఆ ఒపాసిటీని 1కి తీసుకెళ్తే చాలు.

ఏ దారి పట్టినా, పని అయ్యాక పేజీ బ్యాక్‌గ్రౌండ్‌ను ఒక నిమిషం ముదురు ఎరుపు చేసి చూడండి. తెల్లటి అంచులు, తెగిన నీడలు, డబ్బా నీడలు ఏమున్నా అప్పుడే బయటపడతాయి.